జేసన్‌కి స్నేహితులు లేరు

1988 సెప్టెంబరులో అమెరికాలో ఒక విచిత్రమైన వోటింగు జరిగింది. ఒక పిల్లవాడిని చంపాలా, బతకనివ్వాలా అన్నది ప్రశ్న. వోటు ఖరీదు యాభై సెంట్లు. బతకాలనుకునేవాళ్ళకు ఒక ఫోను నంబరు, చావాలనుకునేవాళ్ళకు మరొకటి. ఆ నెల 15, 16 తేదీల్లో, దాదాపు ముప్పై ఆరు గంటలపాటు, ఆ రెండు నంబర్లూ తెరిచి ఉంచారు. మొత్తం 10,614 ఫోన్లు వచ్చాయి. బతకాలన్నవి 5,271. చావాలన్నవి 5,343. డెబ్భై రెండు వోట్ల తేడాతో పిల్లవాడు ఓడిపోయాడు.

నిజం పిల్లవాడు కాదు లెండి. కాగితం మీది పిల్లవాడు. పేరు జేసన్ టాడ్. బాట్‌మన్ వెంట రంగురంగుల దుస్తుల్లో తిరిగే రాబిన్. చిత్రకారుడు జిమ్ అపారో రెండు రకాల ముగింపులూ ముందుగానే గీసి పెట్టుకున్నాడు. ఫోన్ల లెక్క తేలాక ఒకదాన్ని పక్కన పెట్టి రెండోదాన్ని అచ్చుకి పంపారు. అలా వెలువడింది 'బాట్‌మన్' 428వ సంచిక.

దాన్ని నేను చదివింది చాలా ఏళ్ళ తర్వాత, హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారంనాడు ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల గుట్టలోంచి తీసి. ముందు సంచికా లేదు, తర్వాతి సంచికా లేదు. తనని కాపాడతాడని బాట్‌మన్ మీద ఆశ పెట్టుకున్న ఆ పిల్లవాడు, తనని పట్టిచ్చిన కన్నతల్లికి అడ్డుగా నిలబడి, బాంబు పేలి చనిపోతాడు. వోటింగు సంగతి నాకు అప్పటికి తెలియదు. తెలిశాక ఒక ప్రశ్న పట్టుకుంది. జేసన్ కంటే ముందు నలభై ఏళ్ళకు పైగా రాబిన్‌గా ఉన్నవాడు డిక్ గ్రేసన్. అతణ్ణి ఇలా వేలానికి పెట్టే ధైర్యం ఎవరికైనా ఉండేదా? ఇద్దరిదీ ఒకే వేషం, ఒకే పేరు, ఒకే యజమాని. మరి ఒకడి ప్రాణానికి యాభై సెంట్ల ధర ఎలా వచ్చింది?

నాకు తోచిన సమాధానం ఈ వ్యాసానికి శీర్షికగా పెట్టాను. అది ఒప్పుకోవాలంటే మీరు నాతో కొంచెం వెనక్కి, దాదాపు అర్ధశతాబ్దం వెనక్కి రావాలి.

*

బాట్‌మన్ పుట్టింది 1939లో. చీకట్లో తిరిగే ఒంటరి మనిషి. అతని కథలు రాస్తున్న బిల్ ఫింగర్‌కి ఒక ఇబ్బంది వచ్చిపడింది. బాట్‌మన్ మాట్లాడటానికి ఎవరూ లేరు. ప్రతిసారీ తనలో తనే ఆలోచించుకోవాలి, ఆ ఆలోచనలన్నీ బొమ్మ పైన మేఘంలా రాయాలి. షెర్లాక్ హోమ్స్‌కి వాట్సన్ ఉన్నట్టు ఇతనికీ ఒకడుండాలన్నాడు ఫింగర్. బాబ్ కేన్, జెర్రీ రాబిన్సన్ అందుకు తోడయ్యారు. పేరు సూచించినవాడు రాబిన్సన్. అతని మనసులో ఉన్నది రాబిన్‌హుడ్. 1940 ఏప్రిల్ తేదీతో వచ్చిన 'డిటెక్టివ్ కామిక్స్' 38వ సంచిక ముఖచిత్రం మీద, బాట్‌మన్ పట్టుకున్న సర్కస్ చక్రాన్ని చీల్చుకుని ఒక కుర్రాడు నవ్వుతూ దూకుతాడు. అతనే డిక్ గ్రేసన్. తల్లిదండ్రులు సర్కస్‌లో ఊయల విన్యాసాలు చేసేవాళ్ళు. మామూళ్ళు దండుకునే ముఠా తాళ్ళు తెగేలా చేసి వాళ్ళని చంపింది.

అంటే చూడండి, కుర్రాడి పుట్టుకకు కారణం కుర్రాడు కాదు. పెద్దవాడి మాటలు వినేందుకు ఒక చెవి కావలసి వచ్చింది, అంతే. అదీగాక కామిక్సు కొనేవాళ్ళలో ఎక్కువమంది పిల్లలు. వాళ్ళు తమని తాము చూసుకోవడానికి ఒక పిల్లవాడు కావాలి. రాబిన్ వచ్చాక అమ్మకాలు దాదాపు రెట్టింపయ్యాయని చెప్పుకుంటారు. ఇక చూస్కోండి, ప్రతి వీరుడి వెనకా ఒక కుర్రాడు మొలిచాడు. హ్యూమన్ టార్చ్ వెనక టోరో, కెప్టెన్ అమెరికా వెనక బకీ, గ్రీన్ యారో వెనక స్పీడీ. వీళ్ళకి ఇంగ్లీషులో సైడ్‌కిక్ అని పేరు. నేను 'వెంటకుర్రాడు' అంటున్నాను. బకీ, టోరోలతో 1941లో 'యంగ్ ఎలైస్' అని ఒక పిల్లల ముఠానే తయారుచేశారు. అందులో నల్లజాతి కుర్రాణ్ణి గీసిన తీరు ఇవాళ చూస్తే తల వంచుకోవాలనిపిస్తుంది. అతనికి పెట్టిన పేరు కూడా అంతే వెక్కిరింత.

ఆ కాలంలో నాకు నచ్చిన మినహాయింపు ఒక్కటే: బిల్లీ బాట్సన్. రోడ్డు మీద వార్తాపత్రికలు అమ్ముకునే అనాథ. ఒక మంత్రాక్షరం పలికితే తనే కెప్టెన్ మార్వెల్ అవుతాడు. ఎవరి వెంటా నడవనక్కరలేదు, పెద్దవాడు తన లోపలే ఉన్నాడు. 1940ల నడుమ అతని పత్రిక సూపర్‌మన్‌నే మించి అమ్ముడుపోయింది. సూపర్‌మన్ ప్రచురణకర్తలు కాపీ కొట్టారని కోర్టుకెక్కారు. 1953కల్లా ఫాసెట్ సంస్థ ఆ కథలు మానుకుంది.

మరుసటి సంవత్సరం, 1954లో, డాక్టర్ ఫ్రెడరిక్ వెర్థమ్ అనే మానసిక వైద్యుడు కామిక్సు పిల్లల్ని పాడుచేస్తున్నాయని పుస్తకం రాశాడు. సెనేట్ ఉపసంఘం విచారణలు జరిపింది. భయపడ్డ ప్రచురణకర్తలు తమకి తామే ఒక నియమావళి రాసుకున్నారు. బాట్‌మన్, రాబిన్ ఒకే ఇంట్లో ఉండటాన్ని కూడా వెర్థమ్ అనుమానంగా చూశాడు. నాకు నవ్వొచ్చేదేమిటంటే, ఆ ఇంట్లో నిజంగా లోటు ఏమిటో ఆయనకి కనిపించలేదు. ఆ పిల్లవాడికి తన ఈడువాడు ఒక్కడూ లేడు. రాత్రంతా దొంగల వెంట పరుగు, పగలు బడి, ఇంట్లో ఒక పెద్దాయన, ఒక ముసలి వంటాయన.

*

ఈడువాళ్ళు మొదట కలిసింది ముప్పయ్యో శతాబ్దంలో! 1958 ఏప్రిల్ 'అడ్వెంచర్ కామిక్స్' 247వ సంచికలో, బాలుడిగా ఉన్న సూపర్‌మన్ దగ్గరికి, అంటే సూపర్‌బాయ్ దగ్గరికి, వెయ్యేళ్ళ భవిష్యత్తు నుంచి ముగ్గురు పిల్లలు వస్తారు. మా సంఘంలో చేరతావా అంటారు. రచయిత ఆటో బైండర్, చిత్రకారుడు ఆల్ ప్లాస్టినో. ఒక్క కథతో అయిపోవలసింది. పాఠకుల ఉత్తరాలు ఆ పిల్లల్ని మళ్ళీ మళ్ళీ రప్పించాయి. 'లీజియన్ ఆఫ్ సూపర్‌హీరోస్' అలా నిలబడింది.

1963లో ఆ సంఘంలో ఒకడు, లైట్నింగ్ లాడ్, చనిపోయాడు. అతణ్ణి బతికించే మార్గం ఒకటి దొరికింది. మిత్రులందరూ గుండ్రంగా నిలబడి మెరుపుకి ఎదురుగా లోహపు కడ్డీలు ఎత్తిపట్టుకోవాలి. పిడుగు ఎవరి కడ్డీ మీద పడితే వాళ్ళ ప్రాణం అతనిలోకి వెళ్తుంది. శాటర్న్ గర్ల్ అనే అమ్మాయి, పిడుగు తన మీదే పడాలని, రహస్యంగా వేరే లోహంతో కడ్డీ చేయించుకుంటుంది. చివరికి చనిపోయింది ఆమె అనుకుంటారు. కాదు. ఆమె రూపం ధరించి నిలబడిన ప్రోటీ అనే చిన్న పెంపుడు జీవి. ఎడ్మండ్ హామిల్టన్ రాసిన ఈ కథలో తర్కం వెతకకండి. ఏ గురువూ, ఏ తండ్రీ లేని ఒక పిల్లల గుంపు ఒకరి కోసం ఒకరు చావడానికి వరసలో నిలబడిందన్నది గమనించండి. అంతవరకూ వెంటకుర్రాళ్ళు చేసినదల్లా పెద్దవాళ్ళ కోసం.

ఈ లీజియన్ కథలోనే ఇంకో కథ ఉంది. పిట్స్‌బర్గ్‌లో జిమ్ షూటర్ అని ఒక కుర్రాడు. తండ్రి ఉక్కు కార్మికుడు, ఇంట్లో డబ్బుకి ఎప్పుడూ కటకట. పన్నెండేళ్ళప్పుడు ఆసుపత్రిలో పడి ఉండగా పిల్లల వార్డులో కామిక్సు చదివి, కొన్ని బాగున్నాయి, కొన్ని లేవు, ఎందుకని అని ఆలోచించాడు. ఒక ఏడాది పాటు వాటిని పాఠాల్లా చదివాడు. పదమూడో ఏట తనే ఒక లీజియన్ కథ రాసి, బొమ్మలు కూడా వేసి, డీసీ సంస్థకి పోస్టు చేశాడు. సంపాదకుడు మార్ట్ వైసింగర్ కొనుక్కున్నాడు. 1966 జూలై సంచికలో అచ్చయ్యేనాటికి షూటర్‌కి పద్నాలుగేళ్ళు. ఆ డబ్బు ఇంటికి ఆసరా అయింది. వైసింగర్ ఫోన్లో ఆ పిల్లవాణ్ణి నానా మాటలూ అనేవాడట. అంటే ఇక్కడ కథల్లోని పిల్లలకంటే కథ రాసే పిల్లవాడే అసలైన వెంటకుర్రాడన్నమాట.

షూటర్ మొదటి కథలోనే నలుగురు కొత్త పిల్లలు సంఘంలో చేరతారు. వాళ్ళలో ఒకడు ద్రోహి. ఇంకొకడు ఫెర్రో లాడ్, ముఖానికి ఇనుప ముసుగు వేసుకునేవాడు. ముసుగు వెనక ఉన్నది నల్లజాతి కుర్రాడని చెప్పాలన్నది షూటర్ కోరిక. వైసింగర్ కుదరదన్నాడు. ఏడు నెలలకి, 1967 ఫిబ్రవరి సంచికలో, సూర్యుళ్ళని మింగే మహాభూతం గర్భంలోకి బాంబు పట్టుకుని ఫెర్రో లాడ్ ఒక్కడే దూసుకుపోతాడు. ఆ పని సూపర్‌బాయ్ చేయబోతున్నాడు. అతణ్ణి పక్కకి తోసి తను వెళ్తాడు. ఆ రోజుల్లో కామిక్సులో చనిపోయినవాళ్ళు రెండు నెలల్లో లేచి వచ్చేవారు. షూటర్ అతణ్ణి వెనక్కి తేలేదు. పదిహేనేళ్ళవాడికి మరణం అంటే ఏమిటో పెద్దవాళ్ళకంటే బాగా తెలిసిందని నాకనిపిస్తుంది. 2025 జూన్‌లో షూటర్ చనిపోయినప్పుడు ఆయన మార్వెల్ సంస్థకు ప్రధాన సంపాదకుడిగా చేసిన రోజుల గురించే అందరూ ఎక్కువ రాశారు. నాకు మాత్రం ఆ పోస్టు కవరే గుర్తొచ్చింది.

*

మార్వెల్ మాటెత్తాను కాబట్టి ఒక ముక్క. 1962లో స్పైడర్‌మన్ వచ్చాడు. బడిపిల్లవాడు, ఎవరికీ వెంటకుర్రాడు కాదు. కుర్రవాళ్ళు వెంట ఉండాలే తప్ప వీరులు కాకూడదని యజమాని మార్టిన్ గుడ్‌మన్ అభ్యంతరం చెప్పాడని స్టాన్ లీ చాలాసార్లు చెప్పుకున్నాడు. ఆ అభ్యంతరం ఓడిపోయాక డీసీవాళ్ళకీ తమ ఇంట్లోని కుర్రాళ్ళు కనిపించారు.

1964 జూన్-జూలై 'బ్రేవ్ అండ్ ది బోల్డ్' 54వ సంచికలో రాబిన్, కిడ్ ఫ్లాష్, ఆక్వాలాడ్ ముగ్గురూ మొదటిసారి తమ పెద్దలు లేకుండా కలుస్తారు. రచయిత బాబ్ హానీ, చిత్రకారుడు బ్రూనో ప్రెమియాని. హాటన్ కార్నర్స్ అనే చిన్న ఊళ్ళో పెద్దలకీ పిల్లలకీ తగాదా, పిల్లలందరూ మాయం, మిస్టర్ ట్విస్టర్ అనే దుష్టుడు. కథ మామూలుదే. కానీ పెద్దలు పిల్లల్ని నమ్మడంలేదన్నది ఆ ఊరి గొడవ. సర్దిచెప్పేందుకు వచ్చినవాళ్ళు కూడా పిల్లలే. మరుసటి ఏడాది వండర్ గర్ల్ చేరింది, 'టీన్ టైటన్స్' అన్న పేరు వచ్చింది. 1966లో సొంత పత్రిక.

ఆ వండర్ గర్ల్ చేరడం పెద్ద పొరపాటు! అప్పటి వండర్ ఉమన్ కథల్లో వండర్ గర్ల్ అంటే వండర్ ఉమనే, తన చిన్ననాటి రూపంలో. పెద్దామే చిన్నామే ఒకే కథలో కలిసి కనపడేలా కొన్ని చమత్కార కథలు వచ్చాయి. హానీ అవి చూసి, ఈమె వేరే అమ్మాయి కాబోలు అనుకుని సంఘంలో చేర్చేశాడు. ఎవరికీ కూతురు కాని, చెల్లెలు కాని, అసలు పుట్టుకే లేని అమ్మాయి స్నేహితుల మధ్య తిరుగుతూ ఉంది. 1969లో మార్వ్ వుల్ఫ్‌మన్ అనే యువ రచయిత వచ్చి, మంటల్లోంచి కాపాడబడిన అనాథ అని చెప్పి, డోనా ట్రాయ్ అన్న పేరు పెట్టి గండం గట్టెక్కించాడు. ఈ అమ్మాయిని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

అదే 1969లో వుల్ఫ్‌మన్, అతని మిత్రుడు లెన్ వీన్ కలిసి టైటన్స్ 20వ సంచికకు ఒక నల్లజాతి కుర్రవీరుడితో కథ రాశారు. సంపాదక నిర్దేశకుడు కార్మైన్ ఇన్ఫాంటినో చివరి క్షణంలో ఆపేశాడు. నీల్ ఆడమ్స్ హడావిడిగా వేరే కథ అల్లి, ఆ వీరుణ్ణి తెల్లవాడిగా మార్చి పత్రికను గడువుకి అందించాడు. షూటర్‌కి జరిగిందే మళ్ళీ జరిగింది. పిల్లల స్నేహం గురించి ఎంత చెప్పినా, ఆ స్నేహంలోకి ఎవరు రావచ్చో నిర్ణయించేది పై అంతస్తులో కూర్చున్న పెద్దలే.

1971లో ఇంకో దెబ్బ. గ్రీన్ యారో వెంటకుర్రాడు స్పీడీ హెరాయిన్‌కి బానిసయ్యాడని డెన్నీ ఓనీల్, నీల్ ఆడమ్స్ రాశారు. పెంచినవాడు ఊళ్ళు తిరిగి లోకాన్ని ఉద్ధరిస్తూ ఇంట్లో పిల్లవాణ్ణి మరిచిపోయాడు. తెలిసినప్పుడు చేయి చేసుకుని బయటికి గెంటాడు. వదిలించుకునే నరకం ఆ పిల్లవాడు పడుతున్నప్పుడు పక్కన కూర్చున్నది బ్లాక్ కెనరీ. న్యూయార్క్ మేయర్ జాన్ లిండ్సే మెచ్చుకుంటూ రాసిన ఉత్తరాన్ని పత్రికలో అచ్చువేశారు. ఓనీల్ పేరు కూడా గుర్తుపెట్టుకోండి. పెద్దవాళ్ళ నిర్లక్ష్యం మీద అంత కోపంగా రాసిన ఈయనే, పదిహేడేళ్ళ తర్వాత సంపాదకుడి కుర్చీలో కూర్చుని జేసన్ ప్రాణం మీద ఫోన్లు పెట్టించాడు.

*

1980లో వుల్ఫ్‌మన్ తిరిగి వచ్చాడు, ఈసారి చిత్రకారుడు జార్జ్ పెరేజ్‌తో. 'న్యూ టీన్ టైటన్స్'. నా లెక్కలో ఈ చరిత్రకి ఇదే నడిబొడ్డు.

పాతవాళ్ళు ముగ్గురు: రాబిన్, వండర్ గర్ల్, కిడ్ ఫ్లాష్. 1960ల నాటి ఆకుపచ్చ కుర్రాడు గార్ లోగన్ ఒకడు. కొత్తవాళ్ళు ముగ్గురు: సైబోర్గ్, స్టార్‌ఫైర్, రేవెన్. చదువుతూ పోతే ఒకటి బోధపడుతుంది. వీళ్ళలో చాలామందిది తండ్రుల గొడవ. రేవెన్ తండ్రి లోకాల్ని మింగే రాక్షసుడు. స్టార్‌ఫైర్ రాజకుమారి, కన్నతండ్రే రాజ్యాన్ని కాపాడుకోవడానికి ఆమెను బానిసగా శత్రువులకి అప్పగించాడు. సైబోర్గ్, అంటే విక్టర్ స్టోన్, మంచి క్రీడాకారుడైన నల్లజాతి కుర్రాడు. తండ్రి ప్రయోగశాలలో జరిగిన ప్రమాదంలో తల్లి పోయింది, తండ్రి అతని సగం శరీరాన్ని యంత్రంగా మార్చి బతికించాడు. 1969లో గుమ్మం దగ్గరే ఆపేసిన కుర్రాడు పదకొండేళ్ళకి వేరే రూపంలో లోపలికి వచ్చాడన్నమాట. డిక్ గ్రేసన్‌ది మరీ సున్నితమైన గొడవ. బాట్‌మన్ అతణ్ణి ప్రేమించాడు, కానీ ఎదగనివ్వలేదు.

ఈ పిల్లలందరూ న్యూయార్క్‌లో, నది మధ్య, ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో ఉన్న భవనంలో కలుస్తుంటారు. విక్టర్ తండ్రి కట్టించినదే. ఎనిమిదో సంచికలో అసలు యుద్ధమే లేదు. ఒక్క రోజు, ఎవరి పనుల మీద వాళ్ళు. విక్టర్‌ని పాత స్నేహితురాలు ఒకామె చూసి మొహం తిప్పుకుంటుంది. పార్కులో ఒంటరిగా కూర్చుంటాడు. బంతి ఒకటి దొర్లుకుంటూ వస్తుంది. వెనకే పిల్లలు. వాళ్ళకి కృత్రిమ చేతులు, కాళ్ళు. ఇతని లోహపు చేతిని చూసి భయపడరు సరికదా, భలే ఉందే అని మురిసిపోతారు. వాళ్ళ టీచరు సారా సిమ్స్‌తో అక్కడే పరిచయం. సూపర్‌హీరోల పత్రికలో ఇలాంటి సంచిక పడితే కొనేవాళ్ళు తగ్గుతారని ఎవరైనా అనుకుంటారు. తగ్గలేదు. డీసీకి అప్పట్లో అగ్రశ్రేణిలో అమ్ముడుపోయిన పత్రిక ఇది. 1982లో మార్వెల్ వారి ఎక్స్‌మెన్‌తో కలిపి ఉమ్మడి సంచిక వేసేంత.

డోనా వస్తుందన్నాను కదా. 1984 జనవరి తేదీతో వచ్చిన 38వ సంచిక. పెళ్ళి దగ్గరపడుతోంది, తను ఎవరి కూతురో ఆమెకి తెలియదు. డిక్ ఆ పని తలకెత్తుకుంటాడు. ముసుగు లేదు, కొట్లాట లేదు. కాలిన గదిలో దొరికిన ఒక బొమ్మ. దాన్ని పట్టుకుని బొమ్మలు బాగుచేసేవాడి దగ్గరికి, అక్కడినుంచి అనాథ శరణాలయానికి, అక్కడినుంచి ఒకప్పుడు ఆమెను పెంచి, భర్త పోయి గతిలేక వదులుకున్న ఫే ఎవాన్స్ అనే ఆమె ఇంటికి. కన్నతల్లి జబ్బుతో పోయిందని తెలుస్తుంది. బాట్‌మన్ దగ్గర నేర్చుకున్న విద్యంతా డిక్ ఒక స్నేహితురాలి కోసం వాడిన కథ ఇది. హానీ చేసిన పొరపాటుకి పందొమ్మిదేళ్ళ తర్వాత స్నేహితుడు వెళ్ళి తల్లిని వెతికి తెచ్చాడు! నాకు తెలిసి కామిక్సులో ఇంతకంటే మంచి అపరాధ పరిశోధన లేదు.

వెంటనే 39వ సంచిక. డిక్ రాబిన్ దుస్తులు విప్పేస్తాడు. ఎవరి ముందు? దుస్తులు ఇచ్చినవాడి ముందు కాదు, స్నేహితుల ముందు. కొన్ని నెలలకి నైట్‌వింగ్ అన్న కొత్త పేరుతో వస్తాడు.

ఈ స్నేహానికి చీకటి మొహం కూడా ఉంది. టారా మార్కోవ్, మారుపేరు టెర్రా. మట్టినీ రాళ్ళనీ కదిలించే శక్తి. ఎత్తుపళ్ళు, గలగలా నోరు. గార్ ఆమె మీద మనసు పడతాడు. సంఘంలో చేరిన కొద్ది నెలలకే పాఠకులకి తెలుస్తుంది, ఆమె శత్రువు డెత్‌స్ట్రోక్ మనిషని. తోటివాళ్ళకి తెలియదు. 1984లో 'జూడాస్ కాంట్రాక్ట్'గా పేరుపడ్డ కథలో అందర్నీ పట్టిచ్చి, చివరికి తను కదిలించిన రాళ్ళ కిందే సమాధి అవుతుంది. పాఠకులు ఆమె మారుతుందని చివరిదాకా ఎదురుచూశారు. మొదటినుంచీ మార్చే ఉద్దేశం లేదని వుల్ఫ్‌మన్ చెప్పాడు. ఇక్కడ నాకొక పేచీ ఉంది. కథ ఆమెని పుట్టుకతోనే పిచ్చిదని, చెడ్డదని తేల్చేస్తుంది. ఆమెకి పదహారేళ్ళు. ఆమెను వాడుకున్నవాడు తెల్లజుట్టు మనిషి. తర్వాత 55వ సంచికలో, అతణ్ణి చంపుతానని వెళ్ళిన గార్, చివరికి అతనితో ఒక హోటల్లో కూర్చుని మాట్లాడి తిరిగొస్తాడు. బాగా రాసిన సంచికే. కానీ అతనికి దొరికిన ఆ సానుభూతిలో సగమైనా ఆ అమ్మాయికి దొరకలేదు. పిల్లలందరి వైపూ నిలబడిన పత్రిక ఒక పిల్ల విషయంలో పెద్దవాడి వైపు తిరిగింది.

*

ఇక జేసన్. డిక్ టైటన్స్ మనిషైపోయాడు కాబట్టి బాట్‌మన్ పక్కన ఖాళీ. 1983లో జేసన్ వచ్చింది ఆ ఖాళీలోకి. మొదట అతణ్ణి కూడా సర్కస్ పిల్లవాణ్ణే చేశారు, అచ్చుగుద్దినట్టు. 1987లో చరిత్ర తిరగరాసి, బాట్‌మన్ కారు చక్రాలు దొంగిలించబోయిన వీధి పిల్లవాణ్ణి చేశారు. ఈ రెండోవాడు నిజానికి ఆసక్తికరమైన పిల్లవాడు. కోపం, ఆకలి, ఎవర్నీ నమ్మని చూపు. కానీ అతనికి ఈడు మనుషులెవరు? టైటన్స్ భవనానికి అడపాదడపా చుట్టపుచూపుగా వెళ్ళాడంతే. అతని మాట వినే గార్ లేడు, అతని తల్లిని వెతికిపెట్టే డిక్ లేడు. చివరికి తల్లిని తనే ఒంటరిగా వెతుక్కుంటూ బయల్దేరాడు. ఆ ప్రయాణంలోనే చనిపోయాడు. డోనా కథ ఎక్కడ తెరుచుకుందో జేసన్ కథ అక్కడే మూసుకుంది. ఒకే ఒక్క మనిషి కంప్యూటరుతో పదేపదే ఫోన్లు చేయించి వోట్లు వేశాడని తను విన్నట్టు ఓనీల్ తర్వాతి కాలంలో చెప్పాడు. నిజమో కాదో. నిజమే అయినా, జేసన్ కోసం అలా కూర్చుని ఫోన్లు చేసే మనిషి ఒక్కడు లేకపోయాడు కదా.

అతని చావు కబురు డిక్‌కి చెప్పినవాళ్ళు కూడా లేరు. 1989లో 'న్యూ టైటన్స్' 55వ సంచికలో, అంతరిక్షంనుంచి తిరిగొచ్చిన డిక్ ఆలస్యంగా విని బాట్‌మన్ దగ్గరికి పరిగెత్తితే, ఓదార్పు బదులు దెబ్బ దొరుకుతుంది. అదే ఏడాది టిమ్ డ్రేక్ అనే పిల్లవాడు వస్తాడు. బాట్‌మన్‌కి రాబిన్ అవసరమని అతని వాదన. మొదట తను అవుతానని రాడు. డిక్‌ని వెతుక్కుంటూ వెళ్ళి, మళ్ళీ నువ్వే రా అని బతిమాలతాడు. రాసింది మళ్ళీ వుల్ఫ్‌మనే. ఆ తర్వాత టిమ్‌కి మిత్రబృందం ఏర్పాటు చేయడం ఎవరూ మరిచిపోలేదు. 1998లో పీటర్ డేవిడ్, టాడ్ నాక్ 'యంగ్ జస్టిస్' మొదలుపెట్టారు, ఆపైన మళ్ళీ టైటన్స్.

నా సిద్ధాంతానికి ఎదురు సాక్ష్యం ఉంది, దాచను. 2003లో డోనానే చంపేశారు. అంతమంది స్నేహితులుండీ. రెండేళ్ళలో తిరిగొచ్చిందనుకోండి. 2005-06 ప్రాంతంలో డీసీ పెద్దల్లో ఒకడైన డాన్ డిడియో డిక్‌నే చంపాలనుకున్నాడు. ఆ సంగతి ఆయనే బాహాటంగా చెప్పాడు. రచయితలు, తోటి సంపాదకులు పడనివ్వలేదు. బదులుగా టిమ్ స్నేహితుడైన సూపర్‌బాయ్, కానర్ కెంట్, పోయాడు. టిమ్ ఆ మరణాన్ని ఒప్పుకోక, టైటన్స్ భవనం అడుగున ఎవరికీ తెలియకుండా ప్రయోగశాల పెట్టి, స్నేహితుణ్ణి మళ్ళీ తయారుచేయాలని ప్రయత్నిస్తూ, ప్రతిసారీ విఫలమవుతూ ఉండేవాడు.

జార్జ్ పెరేజ్ 2022 మే 6న కన్నుమూశాడు. తనకి ఎంతో కాలం లేదని అంతకు కొన్ని నెలల ముందు ఆయనే పాఠకులకి చెప్పాడు. ఆ వార్త విన్న రోజు నేను పాత సంచికలు బయటికి తీశాను. చివరికి చేతికొచ్చింది ఆయన గీసినది కాదు. జెఫ్ జాన్స్ రాయగా టోనీ డేనియల్ గీసిన 'టీన్ టైటన్స్' 29వ సంచిక, 2005 చివరలోది.

ఆ ఏడాది జేసన్‌ని తిరిగి బతికించారు. పగతో వచ్చాడు. ఒకరోజు టైటన్స్ భవనంలోకి దూరి, తన తర్వాత రాబిన్ అయిన టిమ్‌ని పట్టుకుని చావగొడతాడు. కొట్లాట సాగి సాగి, చనిపోయిన టైటన్స్ విగ్రహాలుండే హాల్లో ముగుస్తుంది. జేసన్ విగ్రహం అక్కడ లేదు. అందరూ చెప్పేంత గొప్పవాడివా నువ్వు అని టిమ్‌ని అడుగుతాడు. నేల మీద పడి ఉన్న టిమ్ అవునంటాడు. జేసన్ అతని గుండె మీది రాబిన్ గుర్తు పీక్కుని వెళ్ళిపోతాడు. దారిలో ఒంటరిగా ఆలోచించుకుంటాడు: వాడికున్నలాంటి స్నేహితులు నాకూ ఉండి ఉంటే ఇంకోలా ఉండేవాణ్ణేమో అని.